చెప్పులు చూసి వేసిన గ్రేడు

ఆయన పోయాడని తెలిసిన రోజు ఉదయం నేనొక తప్పు చేశాను. తాడేపల్లిగూడెం నుంచి ఆయన అల్లుడు ఫోన్ చేసి, "మావయ్యగారు తెల్లవారుజామున పోయారండీ" అన్నాడు. నేను, "ఏ గ్రేడులో పోయారండీ?" అన్నాను.

నోరు జారిన మాట కాదది. నాలుగేళ్లుగా నాలుక కింద నానుతున్న మాట. అవతలి చప్పుళ్లు ఫోన్లో వినిపిస్తున్నాయి. వెనకాల ఎవరో ఏడుస్తున్నారు, ఎవరో కుర్చీలు లాగుతున్నారు. తర్వాత ఫోన్ పెట్టేశాడు. మా ఆవిడ కాఫీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి అంతా విన్నది. "చచ్చిపోయిన మనిషి మీద కూడానాండీ?" అని గ్లాసు బల్లమీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

ఆయన మీద నాకున్నది కోపం కాదు. కోపమైతే ఈపాటికి చల్లారేది. నాకున్నది చులకన. అది ఇప్పటికీ ఉంది. పోయినవాళ్ల గురించి నాలుగు మంచి మాటలు రాయడం మర్యాదని నాకూ తెలుసు. నా దగ్గర నాలుగు లేవు. ఒకటో రెండో ఉన్నాయి, వాటిని వచ్చిన చోట రాస్తాను.

గూడెం ఉల్లిపాయల మార్కెట్లో ఒక కమీషన్ వ్యాపారి దగ్గర ఆయన చాలా ఏళ్లు పనిచేశాడు. లారీ దిగిన బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు పైకి తీసి, ఇది ఫలానా రకం అని చెప్పడం ఆయన పని. అది మానేశాక పాత నాణేలకి తగులుకున్నాడు. అంతకు మించి ఆయన చరిత్ర నాకు తెలీదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు.

నెలలో రెండో ఆదివారం ఆయన ఇంటి ముందుగదిలో అయిదారుగురం చేరేవాళ్లం. పెంటపాడు నుంచి ఒక ధాన్యం వ్యాపారి, భీమడోలు నుంచి ఒక మందుల షాపాయన, ఏలూరు నుంచి నేను. నేను జిల్లా ఆఫీసులో గుమాస్తాని. గదిలో కిటికీ పక్కన ఒక బల్ల. దాని మీద నల్ల మఖ్మల్ గుడ్డ, మెడ వంచిన దీపం. ఆయన మెళ్లో బూటు తాడుకి కట్టిన భూతద్దం వేలాడుతుండేది. మేం వెళ్లగానే ట్యూబులైటు ఆర్పేసేవాడు. "రెండు వెలుగుల్లో నాణేన్ని చూడకూడదండీ, అబద్ధం చెబుతుంది" అనేవాడు. ఆ మాట నిజమే. ఆయన చెప్పిన నిజాల్లో అదొకటి.

ఈ సంగతులు తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పాలి. పాత నాణెం విలువ అది ఎంత అరిగిందన్న దాని మీద ఉంటుంది. ఆ అరుగుదలకి మెట్లున్నాయి. అట్టడుగున పూర్. ఆపైన ఫెయిర్, గుడ్, వెరీ గుడ్, ఫైన్, వెరీ ఫైన్, ఎక్స్‌ట్రీమ్‌లీ ఫైన్. అన్నిటికన్నా పైన అన్‌సర్క్యులేటెడ్, అంటే ఎవరి చేతుల్లోనూ నలగనిది. కొత్తగా వచ్చినవాళ్లు తమ నాణేనికి 'గుడ్' వచ్చిందంటే సంతోషపడేవాళ్లు. ఆయన ఆ సంతోషాన్ని ఒక నిమిషం అలా ఉండనిచ్చేవాడు. తర్వాత భూతద్దం చొక్కాకి తుడుచుకుంటూ, "గుడ్ అంటే ఏవిటనుకున్నారు? బొమ్మ ఆనవాలు మిగిలింది, అంతే. మిగతాదంతా పోయింది" అనేవాడు. ఎదుటి మొహం వాడిపోవడం చూడ్డం ఆయనకి వేడి కాఫీ తాగినంత హాయి.

గ్రేడు చెప్పాక అట్ట ముక్కలో నాణెం పెట్టి, చుట్టూ పిన్నులు కొట్టి, మీద ఇంగ్లీషులో గ్రేడు రాసి, గుండ్రటి రబ్బరు స్టాంపు వేసేవాడు. అందులో 'సర్టిఫైడ్' అని ఉండేది. ఎవరు సర్టిఫై చేశారు, వాళ్లకి ఆ అధికారం ఎవరిచ్చారు అని మాలో ఎవరం అడగలేదు. అమెరికాలో కంపెనీలు నాణేన్ని ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి సీలు చేసి, నంబరు వేసి ఇస్తాయని మాకు చెప్పింది ఆయనే. అలాంటి పెట్టె ఒకటి హైదరాబాదులో కొనుక్కొచ్చాడు. లోపల ఒక మామూలు అమెరికా సెంటు నాణెం. దానికి దేవుడి గూట్లో చోటిచ్చాడు. వాళ్లావిడ రోజూ దాని మీద కూడా ఒక పువ్వు పెట్టేది, ఆయన రోజూ తీసేసేవాడు. "గీతలు పడతాయే" అని విసుక్కునేవాడు.

"అంచు పట్టుకోండి." ఇది ఆయన మొదటి మాట, చివరి మాట. నాణెం ముఖం మీద వేలు పెడితే ఊరుకునేవాడు కాదు. మొదటిరోజు నేను బొటనవేలు పెట్టాను. చెక్క స్కేలుతో కణుపుల మీద టకీమని కొట్టాడు. నాకప్పటికి నలభై రెండేళ్లు. "ముఖం చూడకండి, చర్మం చూడండి. వందేళ్ల చీకట్లో పడుంటే వెండికి ఒక చర్మం వస్తుంది. నీలం, బూడిద, ఒక్కోసారి నెమలి కంఠం రంగు. అది తోమితే పోతుంది. పోయిందా, మళ్లీ రాదు. తోమిన నాణేనికి గ్రేడే లేదు" అనేవాడు. ఇదీ నిజమే. నేను నేర్చుకున్నదంతా ఆ స్కేలు దెబ్బతోనే మొదలైంది. ఒకటో రెండో అన్నానే, అవి ఇవే.

ఇక ఆయన అసలు విద్య. ఆయన బల్ల గుమ్మానికి ఎదురుగా ఉండేది. వచ్చినవాళ్లు గుమ్మం బయట చెప్పులు విప్పుతారు కదా. అక్కణ్ణుంచి అవి ఆయనకి కనబడతాయి. నాణెం చేతికొచ్చేలోపు ఆయన కళ్లు ఒకసారి అటు వెళ్లొచ్చేవి. భూతద్దం ఎత్తడం, దీపం వంచడం, ముక్కుతో గట్టిగా గాలి పీల్చడం, అదంతా తర్వాత. గ్రేడు అప్పటికే అయిపోయేది.

దీన్ని మొదట కనిపెట్టింది భీమడోలు ఆయన. మేమిద్దరం ఒక పరీక్ష పెట్టాం. కైకలూరు వైపు చేపల చెరువులున్న ఒకాయన కారులో వచ్చి, తోలు బూట్లు విప్పి, ఒక అర్ధరూపాయి చూపించాడు. "ఎక్స్‌ట్రీమ్‌లీ ఫైనండీ! ఇలాంటివి చూసి ఎన్నాళ్లయింది!" అని ఈయన స్టాంపు వేశాడు. నెల తర్వాత ఆ అర్ధరూపాయినే అడిగి తీసుకుని, అట్ట విప్పేసి, కొల్లేట్లో వలలేసే ఒకతనికిచ్చి పంపాం. రబ్బరు చెప్పులు. ఆయన భూతద్దంలో అర నిమిషం చూసి, "గుడ్. మరీ ముచ్చటపడితే వెరీ గుడ్. ఎక్కడ దొరికిందోయ్, చేప కడుపులోనా?" అన్నాడు. అందరూ నవ్వారు. వలలతను కూడా మొహమాటంగా నవ్వాడు. మేమిద్దరం కిటికీ పక్కన కూర్చుని ఆయన మోసం కళ్లారా చూశాం.

చూసి ఏం చేశామని అడగాలి మీరు. భీమడోలు ఆయన మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. నేను వెళ్లాను. అంతేకాదు, ఆ తర్వాతి ఆదివారం నుంచి ఆఫీసు బూట్లు పాలిష్ చేసుకుని, వేసుకుని వెళ్లాను. నా విక్టోరియా రూపాయికి ఎక్స్‌ట్రీమ్‌లీ ఫైన్ వచ్చింది. ఆ అట్ట నా బీరువాలో ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు మస్తాన్ గారి సంగతి.

ఏలూరులో తమ్మిలేరు గట్టు దగ్గర మస్తాన్ గారు, ఆయన తమ్ముడు ఇత్తడి, రాగి గిన్నెలకి కళాయి వేసేవాళ్లు. కొలిమిలో గిన్నె కాల్చి, నవసాగరం చల్లి, తగరం కరిగించి దూదితో ఒక్క తిప్పు తిప్పితే, నల్లటి గిన్నె లోపల చంద్రుడు ఉదయించినట్టుండేది. స్టీలు వచ్చి ఆ పని చాలావరకు పోయింది. గుళ్లలో సామాన్లు, పెళ్లిళ్ల గంగాళాలు మెరుగు పెట్టే పని మాత్రం ఉంది. దానికి బఫింగ్ మోటారు కావాలి. మోటారున్న షాపులు ఒక్క పూటలో చేసే పని వాళ్లిద్దరూ చేత్తో మూడు రోజులు చేసేవాళ్లు.

మా అమ్మ నాటి రాగి బిందె తీసుకుని వెళ్లిన రోజు మస్తాన్ గారు తగరం ముక్కల డబ్బాలోంచి గుడ్డమూట తీశారు. "బాబుగారూ, మీరు పాత డబ్బులు చూస్తారంట గదా. ఇది చూడండి. మా తాతది" అన్నారు.

విక్టోరియా రాణి రూపాయి. తక్కువగా దొరికే సంవత్సరానిది. అంచు పట్టుకుని ఎండలోకి తిప్పాను. రాణి జడ పాయల మధ్య నీలం, చెంప మీద పల్చటి బూడిదరంగు, కిరీటం రాళ్లు దేనికది విడివిడిగా. నా దగ్గరున్నది దీని ముందు గులకరాయి.

"మంచిదేనాండీ?" అన్నారు.

"చాలా మంచిదండీ. రెండో ఆదివారం గూడెం తీసుకెళ్తాను. అక్కడ ఒకాయన సర్టిఫికెట్ ఇస్తారు. అది ఉంటే మంచి ధర వస్తుంది."

"మోటారు వచ్చేంతొస్తుందాండీ? మా తమ్ముడికీ నాకూ అదొక్కటే ఆశండి."

"రావచ్చండీ."

కొలిమి దగ్గర తిత్తి ఊదుతున్న తమ్ముడు ఆ మాటకి ఊదడం ఆపి మా వైపు చూశాడు.

నేను చెప్పవలసిన మాట ఇంకొకటుంది. 'తోమకండి' అన్న మాట. చెప్పలేదు. మరిచిపోయానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. మరిచిపోలేదు. ఆ మాట నోటిదాకా వచ్చింది. అది మా ఆదివారం మనుషుల గుట్టు. స్కేలు దెబ్బ తిని సంపాదించుకున్నది. కొలిమి దగ్గర మసి చేతులతో కూర్చున్న మనిషికి ఊరికే ఇచ్చెయ్యడం ఎందుకనిపించింది. కళాయి వేసే మనిషి చేతికి మాసిన వెండి ఇస్తే ఏం చేస్తాడో తెలియడానికి భూతద్దం అక్కర్లేదు.

ఆ ఆదివారం పాసింజరు రైల్లో, పూళ్ల దాటాక, మస్తాన్ గారు జేబురుమాలు విప్పారు. లోపల రూపాయి అద్దంలా మెరుస్తోంది.

"చింతపండు, పొట్టు బూడిద, చివర సున్నితంగా గుడ్డతోనండి. నిన్న మధ్యాహ్నం భోజనం కూడా చెయ్యలేదు. పెద్దవాళ్ల దగ్గరికి మాసిన వస్తువు పట్టుకెళ్తామా?" అన్నారు. ఆయన చొక్కా కూడా గంజి పెట్టి ఇస్త్రీ చేసి ఉంది.

"బాగుందండీ" అన్నాను నేను. ఉంగుటూరు, బాదంపూడి, గూడెం. స్టేషన్లు లెక్కపెడుతూ కూర్చున్నాను.

గుమ్మం బయట మస్తాన్ గారు టైరు చెప్పులు విప్పారు. బల్ల వెనక ఆయన కళ్లు అటు వెళ్లొచ్చాయి. రూపాయి అందుకున్నాడు. ఈసారి భూతద్దం అవసరం లేకపోయింది.

"తోమారా?"

"తోమానండీ!" అన్నారు మస్తాన్ గారు, మెప్పు కోసం ఎదురుచూస్తూ.

ఆయన పగలబడి నవ్వాడు. పెంటపాడు ఆయన్ని పిలిచి, "ఇలా రండి, ఇలా రండి. రాణీగారికి కళాయి పూసి తీసుకొచ్చారు! పెళ్లివారికి వడ్డించడమే తరువాయి" అన్నాడు. మిగతావాళ్లూ వచ్చి చూసి నవ్వారు. నేనూ పెదాలు సాగదీశాను. ఆయన నవ్వు ఆపి, "ఇంత దూరం వచ్చారు గదా, తోమకూడదని చెప్పినవాళ్లు లేరా?" అని నా వైపు తిరిగాడు. "మీరు ముందే చూశారా దీన్ని?"

గదిలో అందరూ నన్నే చూస్తున్నారు. మస్తాన్ గారు కూడా.

"లేదండీ. నేనూ ఇవాళే చూడ్డం" అన్నాను.

మస్తాన్ గారు నా మొహం వైపు ఒక్కసారి చూశారు. నేలమీద చూపు దించుకుని జేబురుమాలు నాలుగు మడతలు పెట్టారు.

ఆయన అట్ట మీద 'క్లీన్డ్, నో గ్రేడ్' అని రాసి స్టాంపు వేశాడు. "ఏం రాశారండీ?" అని మస్తాన్ గారు అడిగారు. "గ్రేడు లేదని."

"వెండి కాదాండీ?"

"వెండే. కరిగిస్తే ఎంతొస్తుందో అంత. కావాలంటే ఆ లెక్కన నేనే తీసుకుంటాను, ఇంత దూరం వచ్చారు గనక."

"వద్దులెండి. తాతది" అని మస్తాన్ గారు ఆ అట్టని రెండు చేతులా అందుకున్నారు. తిరుగు రైల్లో కిటికీ పక్క సీటు నాకే ఇచ్చారు.

ఆ తర్వాత నేను గట్టు దారిన ఆఫీసుకి వెళ్లడం మానేశాను. చుట్టూ తిరిగి పవర్‌పేట మీదుగా వెళ్లేవాణ్ని. మా ఆవిడ అడిగితే గట్టు మీద దుమ్మని చెప్పాను. ఆదివారాలు గూడెం వెళ్లడం కూడా మానేశాను. పౌరుషం ఉండి మానేశానని అనుకోకండి. ఆ గదిలో ఇంకెప్పుడైనా ఆయన నన్ను అదే ప్రశ్న అడుగుతాడేమోనని. అప్పటినుంచి ఆయన్ని చులకన చెయ్యడం మొదలుపెట్టాను. ఉల్లిపాయల వాడన్నాను. దొంగ స్టాంపన్నాను. చెప్పుల పరీక్ష కథ ఆఫీసులో అందరికీ చెప్పి నవ్వించాను. అన్నీ నిజాలే. ఆయన అల్పుడు. కానీ ఆ రోజు ఆయన అడిగింది సరైన ప్రశ్న. అబద్ధం చెప్పింది నేను.

కాఫీ చల్లారింది. తాగకుండానే బస్సెక్కాను. గుండుగొలను, భీమడోలు దాటి గూడెం చేరేసరికి ఆయన్ని బయట అరుగు కింద పడుకోబెట్టారు. నుదుటి మీద రూపాయి బిళ్ల. నా కళ్లు వాటంతటవే లెక్క వేశాయి: ఫైన్, అంతకన్నా లేదు. సిగ్గేసింది. కానీ లెక్క ఆగలేదు. పాడె లేచాక పేలాలతో కలిపి చిల్లర చల్లుతూ నడిచారు. నాణెం ముఖాన్ని వేలు తాకనివ్వని మనిషి మీదుగా పావలాలు, అర్ధరూపాయలు కాలవ గట్టు దాకా రోడ్డు మీద పడి దొర్లాయి. వెనక వచ్చేవాళ్లు వాటిని తొక్కుకుంటూ నడిచారు. నేనూ తొక్కాను.

తిరిగొచ్చాక అల్లుణ్ని పక్కకి పిలిచాను. "పొద్దున ఫోన్లో అన్న మాటకి..."

"అప్పుడు నాకర్థం కాలేదండీ" అన్నాడు అతను తడి తువ్వాలు పిండుకుంటూ. "తర్వాత శవం దగ్గర కూర్చుంటే అర్థమైంది. నవ్వాగలేదండీ. పెరట్లోకి పారిపోయాను. మా అత్తగారు నేను ఏడుస్తున్నాననుకుని మజ్జిగ పంపారు."

క్షమాపణ అంత చవగ్గా అయిపోయింది. అతను మళ్లీ అన్నాడు: "ఇంకో వింత చెప్పనాండీ? మావయ్యగారి సొంత నాణేలు ఓ పెట్టెడున్నాయి. అన్నీ అట్టల్లో పెట్టారు. ఒక్కదాని మీదా గ్రేడు రాయలేదు. ఎందుకంటారు?"

నాకు తెలుసు. వాటి ముందు చెప్పులు లేవు. ఆ మాట పైకి అనలేదు. ఆ రోజు నేను మింగిన మాట అదొక్కటే.

మర్నాడు గట్టు దారిన వెళ్లాను. కొలిమి చిన్నదైంది. తమ్ముడి తిత్తి లేదు. మస్తాన్ గారు ఒక కుక్కరు మూతకి పిడి బిగిస్తున్నారు. నన్ను చూసి లేచి, పీట మీద మసి తుడిచారు. కూర్చోలేదు నేను.

"మస్తాన్ గారూ, మీ రూపాయిని తోమకముందు నేను చూశాను. ఆ రోజు చూడలేదని అబద్ధం చెప్పాను. తోమొద్దని ముందే చెప్పవలసినవాణ్ని, అదీ చెప్పలేదు."

"తెలుసండి" అన్నారాయన. "మీకు చూపించింది నేనేగదండీ. మీరు ఇప్పుడంటారు, ఇప్పుడంటారు అని రైల్లో ఏలూరు దాకా చూశాను."

నా రూపాయి జేబులోంచి తీసి చేతిలో పెట్టబోయాను. "దీన్ని అమ్మి మోటారు కొందాం. ఇది వెరీ ఫైన్ మాత్రమే. అట్ట మీద ఎక్కువ రాసుంది, అది అబద్ధం." ఆయన చెయ్యి చాపలేదు.

మోటారు సంగతి ఇక్కడే చెప్పేస్తాను. నా రూపాయిని అట్టలోంచి తీసి, మరికొన్ని నాణేలతో కలిపి, ఉన్న గ్రేడు ఉన్నట్టు చెప్పి అమ్మాను. ఆ నెల్లోనే పాత మోటారొకటి వచ్చింది. అది తేలిక పని. కష్టమైన పని ఆ మధ్యాహ్నం జరిగింది.

"మోటారు తర్వాతండి" అన్నారు మస్తాన్ గారు. "ముందు నాకో కాయితం రాసివ్వండి. మా తమ్ముడు నాతో మాట్లాడి నాలుగేళ్లయింది. తాత రూపాయి తోమి తగలేశావన్నాడు. వేరుపడిపోయి ఆటో తోలుకుంటున్నాడు. నేను చెబితే నమ్మడు. చదువుకున్నోళ్లు మీరు, అదెలా ఉండేదో, ఎందుకు పోయిందో రాయండి."

డబ్బాలోంచి ఆ అట్ట తీశారు. నాలుగేళ్లలో రూపాయి మెరుపు కాస్త తగ్గింది. స్టాంపు సిరా మాత్రం చెక్కుచెదరలేదు. అట్ట వెనక నా పెన్నుతో తెలుగులో రాశాను. 'ఈ రూపాయిని తోమకముందు నేను చూశాను. ఎక్స్‌ట్రీమ్‌లీ ఫైన్. తోమవద్దని చెప్పవలసినవాణ్ని నేను. కావాలనే చెప్పలేదు. మస్తాన్ గారి తప్పు లేదు.' కింద పూర్తి పేరు, ఆఫీసు చిరునామా రాసి సంతకం పెట్టాను.

పక్క సందులోకి కబురు వెళ్లింది. తమ్ముడు వచ్చాడు. లోపలికి రాలేదు. అన్న వైపు చూడకుండా, ఆటో తాళం వేలికి తిప్పుకుంటూ, గుమ్మంలోనే నిలబడ్డాడు. నేను అట్ట చదివాను. తాళం తిరగడం ఆగింది.

"మీరు నిజంగా చూశారా?" అన్నాడు.

"చూశాను."

"మా తాత ఏడాదికోసారి మూట విప్పేవాడండీ. పండగనాడు. చిన్నప్పుడు చూడ్డమే. ఎలా ఉండేదో నాకు గుర్తు రావట్లేదు. ఎలా ఉందండీ?"

ఆ రూపాయి అలా ఉండగా చూసినవాళ్లలో దాన్ని చూడటం నేర్చుకున్నవాణ్ని నేనొక్కణ్నే. జడ పాయల మధ్య నీలం దగ్గర మొదలుపెట్టాను. చెంప మీద బూడిదరంగు, కిరీటంలో రాళ్లు, కుడివైపు అంచు దగ్గర ఎప్పటిదో చిన్న నొక్కు. అన్నదమ్ములిద్దరూ వింటున్నారు. మధ్యలో ఎప్పుడో తమ్ముడు గుమ్మం దాటి వచ్చి పీట మీద కూర్చున్నాడు. నేను నిలబడే చెప్పాను, ఒక్క గీత కూడా దాచకుండా.